ముప్పై అయిదు గజాల దూరం

నేను వేటగాణ్ణి కాను. వడిసెలతో పిట్టను కొట్టిన పాపాన కూడా పోలేదు. అలాంటి నేను, రైల్వే వాళ్ళు ట్రైనింగుకని ఇంగ్లండు పంపిన అయిదు నెలల్లో ఎక్కి దిగిన తుపాకుల దుకాణాలు ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. తిరిగొచ్చాక అక్కడ ఏం చూశావని అడిగిన వాళ్ళందరికీ మంచు గురించి చెప్పాను, భూమి కింద నడిచే రైళ్ళ గురించి చెప్పాను. ఈ దుకాణాల సంగతి ఒక్క మా నాన్నకే చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. అరవయ్యో దశకం సగం దాటింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చక్రాల సెక్షన్లో చార్జిమేన్‌గా ఉన్నాను. చక్రాన్ని ఇరుసుకి ఎక్కించే కొత్త మిషన్లు వస్తున్నాయి, వాటి పని నేర్చుకు రమ్మని వేర్వేరు వర్క్‌షాపుల నుంచి నలుగురిని ఏరి బర్మింగ్‌హాం పంపారు. నాతోపాటు గదిలో ఉన్నాయన మద్రాసు వైపువాడు. రోజూ ఊరగాయ సీసా మూత తీసి వాసన చూసుకుని మళ్ళీ పెట్టేసేవాడు, అయిపోతుందని.

గది నుంచి కార్ఖానాకి ఇరవై నిమిషాల నడక. ఆ ఊళ్ళో తుపాకులు చేసేవాళ్ళకి ఒక పేటే ఉందనీ, నా దారి ఆ పేట అంచునే పోతుందనీ నాకు తెలీదు. మూడో రోజో నాలుగో రోజో పని నుంచి వస్తూ ఒక కిటికీ అద్దం ముందు ఆగిపోయాను. లోపల ఆకుపచ్చ గుడ్డ పరిచి, దాని మీద రంగులు వేసిన చెక్కబాతులు నాలుగు పెట్టారు. వాటి పైన పక్కపక్కన రెండు గొట్టాలున్న తుపాకీ. ట్రిగ్గరు పైన ఇనపపలక మీద చిన్న చిన్న ఆకులూ తీగలూ చెక్కి ఉన్నాయి. అలాంటి తీగలని నేను పదకొండేళ్ళ వయసులో వేలితో తడిమాను. అది మా షెడ్డు సాహెబు తుపాకీ. జీపు వెనక సీటు మీద కంబళిలో చుట్టి ఉండేది.

ముందు మా నాన్న గురించి చెప్పాలి.

నాన్న నిమ్‌పురా ఇంజిన్ల షెడ్డులో ఫైర్‌మేన్, ఇంజినుకి బొగ్గు వేసే పని. తాత శ్రీకాకుళం వైపు నుంచి మట్టిపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నాన్న ఖరగ్‌పూర్‌లోనే పుట్టాడు. బొగ్గు ఎత్తి ఎత్తి ఆయన భుజాలు పలకల్లా ఉండేవి. డ్రైవరు పరీక్ష పాసయ్యాడు, ఇంజిను చేతికివ్వటమే తరువాయి. అమ్మ అప్పటికే ఆయన్ని "డ్రైవరు బాబూ, అన్నానికి లేస్తావా" అని ఎగతాళి చేసేది.

షెడ్డు ఆఫీసరుకి వేట పిచ్చి. చలికాలం ఆదివారాలు కంసావతి ఏటి అవతలి ఝీళ్ళకి, పెద్ద చెరువులకి, జీపు వేసుకుని పోయేవాడు. కాల్చిన బాతులు నీళ్ళలో పడితే దిగి తెచ్చేందుకు ఆయనకో కుక్క ఉండేది. అది చచ్చిపోయింది. నాన్నకి ఈత బాగా వచ్చునని ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఆదివారం తెల్లారేసరికి మా క్వార్టరు ముందు జీపు ఆగేది.

"వారానికి ఒక్కరోజైనా ఒళ్ళు వాల్చవేటి," అని అమ్మ ఒకసారి అడిగింది.

"సాబు రమ్మన్నాడు. ఏటని సెప్పమంటావు," అన్నాడు నాన్న.

అది డ్యూటీ కాదు. డ్యూటీ కాదని రానంటే కుదిరేదీ కాదు. డ్రైవరు కాయితాల మీద సంతకం పెట్టవలసింది ఆ సాహెబే. నాన్న మధ్యాన్నానికి తిరిగొచ్చేవాడు, ఒళ్ళంతా నాచు వాసనతో, పెదాలు నీలంగా. కొన్నిసార్లు సాహెబు రెండు చిన్న బాతులు ఇచ్చేవాడు. అమ్మ మిరియాలు దంచి వండేది. "ఛర్రా ఉంటాది, పళ్ళకింద సూసుకోండి," అనేది. బాతుల్ని కొట్టే తూటాలో ఆవగింజకన్నా కాస్త పెద్ద సీసపు గుళ్ళు వందలకొద్దీ ఉంటాయి. వాటినే మా ఊళ్ళో ఛర్రా అంటారు. కూరలో దొరికినవాటిని కడిగి నేను అగ్గిపెట్టెలో దాచుకునేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాన్నం దాటినా నాన్న రాలేదు. సాయంత్రం షెడ్డు నుంచి మనిషి వచ్చి అమ్మని ఆసుపత్రికి రమ్మన్నాడు. అమ్మా నేనూ వెళ్ళేసరికి నాన్న తలంతా కట్టు. కుడికన్ను ఒక్కటే బయటికి ఉంది. ఎడమ మొహానా మెడనా భుజానా కలిపి ఏడు గుళ్ళు దిగాయని బెంగాలీ డాక్టరు చెప్పాడు. మూడు తీశాడు, చిన్న ఎనామెల్ పళ్ళెంలో వేసి అమ్మకి చూపించాడు. నాలుగు లోతుగా ఉన్నాయి, కదిపితే ప్రమాదమని వదిలేశాడు. ఎడమకన్ను గురించి అమ్మ అడిగితే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దీదీ, ఆ కన్ను ఇంక రాదు," అన్నాడు.

నాలుగో రోజు సాహెబు వచ్చాడు, చేతిలో బత్తాయిల సంచితో. అమ్మ లేచి గోడవార నించుంది. ఆయన నాన్న మంచం మీదే కూచుని ఏడ్చాడు. నాకు బాగా గుర్తుంది, నిజంగానే ఏడ్చాడు. ఆ తరువాత కోటు జేబులోంచి టైపు కొట్టిన కాయితాలు తీశాడు. నన్ను కుళాయి దగ్గరికి నీళ్ళకి పంపారు. నేను చెంబుతో తిరిగొచ్చేసరికి నాన్న సంతకం అయిపోయింది, సాహెబు పెన్ను మూత పెడుతున్నాడు.

ఆ కాయితం కార్బన్ కాపీ మా ట్రంకుపెట్టెలో ఉండేది. ఇంగ్లీషు వచ్చీరాని వయసులో డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నాన్న సొంతపని మీద ఎవరికీ చెప్పకుండా ఝీల్‌లో దిగి రెల్లుగడ్డిలో ఉన్నాడనీ, సాహెబు నూట యాభై గజాల దూరాన అవతలి గట్టు మీద ఉన్నాడనీ, ఆయన పేల్చిన గుళ్ళు నీటికి తగిలి లేచి పొరపాటున ఇతనికి తగిలాయనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ అందులో ఉంది. సొంతపని అన్నది అబద్ధమని నాకు తెలుసు. అదేదో ఆఫీసు రాతకోసం అలా రాసుకుంటారనుకున్నాను. మిగతాది నమ్మాను. దూరం అంకె వేసి మరీ రాశారు కదా.

ఒంటికన్ను మనిషిని ఇంజినెక్కనివ్వరు. మెడికల్ పరీక్షలో నాన్న ఇంజిను పనికి తగడని రాసి షెడ్డు స్టోర్స్‌లో వేశారు. ఇంజినెక్కే వాళ్ళకి చేతులు తుడుచుకునే నూలుచిక్కూ నూనె డబ్బా కిటికీలోంచి అందించే పని. తనతోకూడా బొగ్గేసిన వాళ్ళు ఒక్కొక్కళ్ళే డ్రైవర్లై ఆ కిటికీ ముందుకి వచ్చేవాళ్ళు. మిగిలిన నాలుగు గుళ్ళలో కనుబొమ్మ పైది చర్మం కింద చేతికి తగిలేది. నేను నొక్కి నొప్పా అంటే, "నొప్పి కాదు, సలికాలం దురద," అనేవాడు. సాహెబు ఏడాది తిరక్కుండానే బదిలీ అయి వెళ్ళిపోయాడు.

అందుకని ఆ కిటికీ అద్దం ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. రెండు రోజులు ఆ వీధి వదిలి చుట్టుదారిన నడిచాను. శనివారం మధ్యాన్నం సెలవు. తిన్నగా వెళ్ళి ఆ దుకాణం తలుపు తోశాను. పైన గంట మోగింది. నూనె వాసన, కొత్త తోలు వాసన. టై కట్టుకున్న నడివయసు మనిషి ఏం కావాలని అడిగాడు. "బాతులు కొట్టే తుపాకీ చూడాలి," అన్నాను. కొంటారా అని కూడా అడక్కుండా తీసి నా చేతుల్లో పెట్టాడు. నేననుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. దాన్ని ఎటు తిప్పాలో, ఎక్కడ పట్టుకోవాలో తెలీక బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని నించున్నాను.

ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను. "ఇది ఎంత దూరం కొడుతుంది?"

"నలభై గజాలు. గట్టిగా అంటే యాభై."

"నూట యాభై గజాల్లో ఉంటే?"

ఆయన నవ్వాడు. "అంత దూరంలో ఉన్న బాతుకి వాన చినుకులు పడ్డట్టు ఉంటుంది."

తుపాకీ ఆయనకి ఇచ్చేసి బయటికి వచ్చాను. నూట యాభై గజాల్లో వాన చినుకులు. మరి మా నాన్న కన్ను? ఈయనకి తెలీకపోవచ్చు, తుపాకీ వేరు కావచ్చు, తూటా వేరు కావచ్చు అనుకున్నాను. మరుసటి శనివారం ఇంకో దుకాణానికి వెళ్ళాను. అక్కడ నలభై అయిదు అన్నారు. మూడో దుకాణంలో నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఎవరి తరఫున వచ్చావని అడిగారు. రైల్వే తరఫున అంటే వాళ్ళకేమీ అర్థం కాలేదు. ఎవరైనా ఒక్కరు నూట యాభై గజాలు కూడా వెళ్ళొచ్చు అంటారేమోనని తిరిగాను. అంతకంటే నాకేమీ అక్కర్లేదు. ఆ ఒక్క మాట దొరికితే మిగతా సెలవులన్నీ హాయిగా పార్కులో కూచుందును.

ఒక శనివారం నలుగురం కలిసి లండన్ వెళ్ళాం. వాళ్ళు గడియారం స్తంభం చూడ్డానికి పోతే నేను తప్పించుకుని ఒక పెద్ద తుపాకుల దుకాణం కనుక్కుని వెళ్ళాను. గోడలనిండా కొమ్ముల తలలు, కింద తివాసీ. నన్ను చూడగానే అక్కడి ముసలాయన ఏ సంస్థానం అని అడిగాడు. పులుల గురించి మాట్లాడాడు, కుర్చీ వేశాడు, ఏనుగుల్ని కొట్టే తుపాకీ పెట్టె మూత తీసి చూపించాడు. నేను ఆ కుర్చీలో చెమటలు పట్టి కూచున్నాను. మా నాన్న ఫైర్‌మేన్ అని చెప్పటానికి నోరు రాలేదు. ఆయన తలుపుదాకా వచ్చి, మహారాజావారికి నా నమస్కారాలు చెప్పండి అన్నాడు. చెప్తానన్నాను. మద్రాసాయన రైల్లో అడిగాడు, ఎక్కడికి పోయావయ్యా అని. సిగ్గేసి, దారి తప్పానన్నాను.

మరోసారి బస్సులో పక్క ఊరికి పోయాను. అక్కడి దుకాణంలో వేటకి వేసుకునే మైనపుగుడ్డ కోట్లూ మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లూ చేపలు పట్టే గేలాలూ, అన్నీ కలిపి అమ్ముతున్నారు. కౌంటరు వెనక లావుపాటి ఆయన్ని ఈసారి తెలివిగా అడిగాను. "నీటికి తగిలి లేచిన గుళ్ళు దూరం పోతాయా?"

"నీటి మీద నుంచి లేస్తే చెప్పలేం సార్. ఎటైనా పోవచ్చు," అన్నాడాయన.

ఆ మాట కోసం ఆయన దగ్గర ఉన్ని మేజోళ్ళు ఒక జత కొన్నాను. ఆ వారమంతా నాకు తేలిగ్గా ఉంది. కార్ఖానాలో ఈల కూడా వేశానట. ఏమయిందయ్యా, ఇంటినుంచి ఉత్తరం వచ్చిందా అని మద్రాసాయన అడిగాడు.

నిజానికి నేను అక్కడితో ఆగిపోవలసింది. కాని తిరుగు ప్రయాణం ఇంక పది రోజులుందనగా, ఆ పేటలోనే ఒక సందులో ఇంకో చిన్న దుకాణం కనిపించింది. పేరుపలక కూడా సరిగ్గా లేదు. చెక్కమెట్లెక్కి పైకి పోవాలి. లోపల యాభై దాటిన ఒకావిడ నీలం రంగు ఓవరాల్ వేసుకుని, బల్ల దగ్గర కూచుని పెన్సిల్‌తో ఒక పెద్ద కాయితం మీద చుక్కలు లెక్కపెడుతోంది. నన్ను చూసి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి లెక్క పూర్తిచేసింది. అవి చుక్కలు కావు, చిల్లులు. తుపాకీ తయారయ్యాక ఇంత దూరమని కొలిచి కాయితం నిలబెట్టి పేలుస్తారట. గుళ్ళు ఎంత మేర చెదిరాయో, ఎన్ని తగిలాయో చూస్తారట. ఆవిడ తండ్రి చేసిన పని అది, భర్త చేసిన పని, వాళ్ళ తరువాత ఆవిడ చేస్తోంది.

ఆ చిల్లుల కాయితం చూసేసరికి నాకేమయిందో తెలీదు. ఇన్ని దుకాణాల్లో ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పేశాను. నా ఇంగ్లీషు తడబడింది. మా నాన్న, చెరువు, ఆఫీసరు, ఏడు గుళ్ళు, నూట యాభై గజాలు అని ముక్కముక్కలుగా చెప్పాను. ఆవిడ పెన్సిల్ కింద పెట్టి వింది. అయ్యాక ఒక తెల్లకాయితం నా ముందుకి జరిపింది.

"మీ నాన్నగారి మొహం, భుజం గియ్యండి. నిజమైన కొలతలో. ఎక్కడెక్కడ తగిలాయో పెట్టండి."

నాకు బొమ్మలు రావు. వర్క్‌షాపులో డ్రాయింగు గీసే అలవాటు ఉంది కాబట్టి ఆ పద్ధతిలోనే గీశాను. కనుబొమ్మ పైన ఒకటి, కన్ను ఒకటి, చెంప మీద రెండు, మెడ మీద ఒకటి, భుజం మీద రెండు. పదిహేడేళ్ళు రోజూ చూసిన మొహం. ఆలోచించనక్కర్లేకపోయింది.

ఆవిడ సొరుగులోంచి పాత చిల్లుల కాయితాలు తీసింది. ఇరవై గజాలది, ముప్పైది, నలభైది, అరవైది. ఒక్కొక్కదాన్నీ నా బొమ్మ పక్కన పెట్టి చూసింది, వేళ్ళతో కొలిచింది. ఇరవైది పక్కన పెట్టేసింది. అంత దగ్గర్లో తగిలితే మనిషి బతకడంది. అరవైది కూడా పక్కన పెట్టేసింది. మిగతా రెండింటి మధ్యా నా బొమ్మ పెట్టి చాలాసేపు చూసింది.

"ముప్పై అయిదు గజాలు," అంది. "ఎక్కువంటే నలభై. గుళ్ళ గుంపు అంచు తగిలింది. నడిమి భాగం తగిలి ఉంటే మీకు తండ్రి ఉండేవాడు కాదు."

"నీటికి తగిలి లేచినవి కావచ్చు కదా?"

"బయటికి తీసిన గుళ్ళు మీరు చూశారా? గుండ్రంగా ఉన్నాయా, నలిగి ఉన్నాయా?"

ఎనామెల్ పళ్ళెం గుర్తొచ్చింది. నేను అగ్గిపెట్టెలో దాచుకున్నవాటికి వాటికి తేడా లేదు. "గుండ్రంగానే ఉన్నాయి," అన్నాను.

ఆవిడ తల ఊపింది. "నీటికి తగిలినవి ఇలా కలిసికట్టుగా రావు. ఎముకదాకా దిగే బలం కూడా ఉండదు. పక్షి తక్కువ ఎత్తున ఎగిరి ఉంటుంది. ఆయన దానితోపాటు తుపాకీ తిప్పుకుంటూ వచ్చి పేల్చాడు. దాని వెనక మనిషి ఉన్నాడా అని చూడాలి. తుపాకీ పట్టిన మొదటిరోజు నేర్పేది అదే."

"ఆయనకి కనపడలేదేమో."

ఆవిడ లేచి నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సందు చివర ఎర్ర తపాలాపెట్టె ఉంది. "అక్కడికి ముప్పై అయిదు గజాలు ఉంటాయి," అంది. ఒక ముసలావిడ అక్కడ ఉత్తరం వేస్తోంది. ఆవిడ చేతి తొడుగుల రంగు కనిపిస్తోంది. ఉత్తరం వేసి, పడిందో లేదోనని లోపలికి తొంగిచూడటం కనిపిస్తోంది. మా నాన్న నడుము లోతు నీళ్ళలో, నల్లటి భుజాలతో, చేతుల్లో బాతులతో అంత దగ్గరగా ఉన్నాడు.

ఓవరాల్ ఆవిడ నాకు టీ ఇచ్చింది. "మీరు అడిగారు కాబట్టి చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో," అంది. తరువాత, "ఇప్పుడు ఏం చేస్తారు?" అని అడిగింది.

అయిదువేల మైళ్ళ దూరంలో ఒక మేడమీద కూచుని టీ తాగుతున్నాను. పదిహేడేళ్ళ కిందటి కాయితం మీద ఉన్నది మా నాన్న సంతకం. ఎవరికి రాయను, ఏమని రాయను? ఆ బొమ్మని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని మెట్లు దిగాను. మిగతా పది రోజుల్లో నాన్నకి మూడు ఉత్తరాలు మొదలుపెట్టి మూడూ చింపేశాను.

ఇంటికి వచ్చి పదకొండు రోజులు ఊరుకున్నాను. నాన్నకి తెచ్చిన స్వెట్టరు ఆయన ఎండాకాలమైనా వేసుకుని షెడ్డుకి పోయి అందరికీ చూపించాడు. పన్నెండో రోజు ఆయనకి సెలవు. క్వార్టరు వరండాలో కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. పక్కన కూచుని బొమ్మ విప్పి ముందు పెట్టాను. కుడికన్ను అటు వచ్చేట్టు తల తిప్పి చూశాడు.

"ఇదేటి?"

"నువ్వే."

"నాను ఇలా ఉంటానేటి," అన్నాడు. తరువాత చుక్కలు చూశాడు. చిక్కుడుకాయ కింద పెట్టాడు.

దుకాణాల సంగతి, ఆవిడ సంగతి మొత్తం చెప్పాను. "నూట యాభై గజాలు కాదు నాన్నా. ముప్పై అయిదు. ఆయన నీకు ఎదురుగా ఉన్నాడు. నిన్ను చూసి ఉంటాడు," అన్నాను. ఇన్నేళ్ళూ ఆయనకి తెలియని నిజమేదో మోసుకొచ్చాననుకున్నాను.

నాన్న నావైపు జాలిగా చూశాడు. "నాకు తెల్దేట్రా. అక్కడ ఉన్నది నానే కదా."

నాన్న బొమ్మలో కన్ను మీది చుక్కని వేలితో ముట్టుకున్నాడు.

"'బైఠో' అని అరిసినాడు," అన్నాడు. "నా సేతుల్లో అప్పుడికే రెండు బాతులున్నాయి. కూకుంటే నీళ్ళు మొకం మీదకొస్తాయని సగమే ఒంగినాను. టోపీ కింద సాబు కళ్ళు కనిపించినాయి. ఆ కళ్ళు బాతు మీదే ఉన్నాయి, నా మీద లేవు. అరిసినాక నాను కూకుండిపోతాననే అనుకున్నాడు."

"మరి ఆ కాయితం మీద సంతకం ఎందుకు పెట్టావు?"

"పెట్టకపోతే ఏటవుతాది? కన్ను ఒస్తాదా? డ్యూటీ కాదు, ఏటీ కాదు. సర్వీసు తీసేసినా అడిగేవోడు లేడు." ఆయన చిక్కుడుకాయ మళ్ళీ తీసుకున్నాడు. "సర్వీసు ఉంచుతానన్నాడు, ఉంచినాడు. కోర్టరు ఉంచుతానన్నాడు, ఉంచినాడు. నీ కొడుకు స్కూల్ ఫైనల్ అయినాక వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా ఏయిస్తానన్నాడు. బదిలీ అయి ఎల్లిపోయినా మర్సిపోలేదు. నాను మనిషి సేత గుర్తుచేయిస్తే ఇక్కడికి ఉత్తరం రాసినాడు."

"నేను పరీక్ష రాసి పాసయ్యాను కదా."

"రాసినావు," అన్నాడు నాన్న. ఇంకో కాయకి ఈనె తీసి, "పాస్ కూడా అయ్యే ఉంటావు," అన్నాడు.

నన్ను ఓదార్చటానికే అన్నాడు. అమ్మ లోపల్నుంచి వచ్చి మా మొహాలు చూసింది, బొమ్మ చూసింది. "పాత గొడవ ఇప్పుడెందుకురా," అని చిక్కుడుకాయల చేట తీసుకుపోయింది. ఆమెకీ అన్నీ తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

ఆ పరీక్షలో నాకెన్ని మార్కులు వచ్చాయో ఆఫీసు వాళ్ళు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తరువాత అడిగే దారి లేదు. నాతోపాటు మా తెలుగు బడిలో చదివినవాడు ఒకడు ఆ పరీక్ష రాశాడు. లెక్కల్లో నాకన్నా చురుకు. వాడికి రాలేదు. ఊళ్ళోనే ఇందా అనే పేటలో సైకిలు షాపు పెట్టుకున్నాడు. నన్ను చూసినప్పుడల్లా చెయ్యి ఊపేవాడు, ఒకసారి పంక్చరు వేసి డబ్బులు వద్దన్నాడు. వర్క్‌షాపు పరీక్ష ఊసు వాడు ఎన్నడూ ఎత్తలేదు. ఆ వరండా మాటల తరువాత నేను ఇందా పోవలసి వస్తే వాడి షాపు దారిన పోవటం మానేశాను. చుట్టు తిరిగి పోయేవాణ్ణి. వాడు చేసిన తప్పేమీ లేదు. నేను చేసింది కూడా ఏమిటో చెప్పలేను. చెంబుతో కుళాయి దగ్గరికి వెళ్ళాను, అంతే.

ఆ తరువాత ఆరేడేళ్ళకి, నేను ఫోర్‌మేన్ అయ్యాక, ఒకరోజు ఆఫీసు నుంచి కబురొచ్చింది. రిటైరైన పాత ఆఫీసర్లు కొందరు వర్క్‌షాపు చూడ్డానికి వస్తున్నారు, చక్రాల సెక్షన్ నువ్వు చూపించు అన్నారు. నలుగురు వచ్చారు. వాళ్ళలో చేతికర్ర పట్టుకున్నాయన ఎవరో ముందు గుర్తుపట్టలేదు. మిషన్ ముందు నించుని చక్రం ఇరుసుకి ఎలా ఎక్కుతుందో చెప్తుండగా ఆయన నన్ను తెలుగువాళ్ళా అని అడిగాడు. మీ నాన్న ఏం చేసేవారని అడిగాడు. నిమ్‌పురా షెడ్డు అన్నాను. ఫైర్‌మేన్‌గా చేసి, తరువాత స్టోర్స్‌లో అని చెప్పాను.

ఆయన చేతికర్ర మీద రెండో చెయ్యి కూడా వేశాడు.

"ఉన్నారా?"

"ఉన్నారు సార్. రిటైరయ్యారు."

"చూపు?"

"ఉన్న కన్నులో కూడా శుక్లం వస్తోంది సార్."

ఆ క్షణానికి నా దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉంది. ముప్పై అయిదు గజాలు సార్, అని. స్నానం చేస్తూ, సైకిలు తొక్కుతూ ఎన్నిసార్లు పలికి చూసుకున్నానో. పక్కన మిషన్ చప్పుడు చేస్తోంది. మిగతా ముగ్గురూ నావైపే చూస్తున్నారు. ఆయన పెదవులు అదురుతున్నాయి. ఆసుపత్రి మంచం మీద కూచున్నప్పుడు కూడా అలాగే అదిరాయి.

"మీరు బాగా పైకి వచ్చారు. నాకు చాలా సంతోషం," అన్నాడాయన.

"థాంక్యూ సార్," అన్నాను.

నా నోటినుంచి వచ్చింది అదే. వాళ్ళని కేంటీన్‌కి తీసుకెళ్ళి టీ ఇప్పించాను, గేటుదాకా వెళ్ళి కారు ఎక్కించాను. ఆయన కారు అద్దం దించి ఏదో చెప్పబోయి, చెయ్యి మాత్రం ఊపాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి నాన్నకి చెప్పాను. అప్పటికి ఉద్యోగం నాది కాబట్టి క్వార్టరు నా పేర ఉంది, అందరం అందులోనే ఉంటున్నాం. నాన్న మంచం మీద లేచి కూచున్నాడు.

"మనిషి ఎలాగున్నాడు?"

"ముసలాడైపోయాడు. కర్ర పట్టుకున్నాడు."

"టీ ఇప్పించినావా?"

"ఇప్పించాను."

"నువ్వేటైనా అన్నావా?"

"ఏమీ అనలేదు."

నేను చేసింది మంచిదంటాడో, కాదంటాడోనని ఎదురుచూశాను. ఆయన కంట్లో చుక్కలు వేసే వేళయిందని గుర్తుచేసి తల వెనక్కి వాల్చాడు. బల్ల మీంచి సీసా తీసి, ఆయన రెప్ప వేలితో పట్టుకున్నాను. మొదటి చుక్క గురి తప్పి ముక్కు పక్కన పడింది. నాన్న కదల్లేదు. చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ వేశాను.